ఏ బోర్డు కొనాలి? మైక్రోకంట్రోలర్ బోర్డును పనిని బట్టి ఎంచుకునే వరుస

"అన్నా, ఆర్డ్యూనో తీసుకోవాల్నా, ఈఎస్‌పీ32 తీసుకోవాల్నా?"

నల్లగొండలో పాలిటెక్నిక్ చదివే పిల్లలు అడుగుతారు, దేవరకొండ దిక్కు బత్తాయి తోటలున్నవాళ్లు అడుగుతారు, పాలమూరులో సైన్సు ఫెయిర్‌కు పిల్లలను తయారుచేసే సార్లు అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "దానితోని ఏం చేద్దామనుకున్నవ్ తమ్మీ?" చాలామంది అక్కడే ఆగిపోతారు.

మైక్రోకంట్రోలర్ బోర్డు అంటే సెన్సార్లను చదివి, మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం లైట్లు, మోటర్ల లాంటివి నడిపే చిప్ ఉన్న చిన్న బోర్డు. ఆర్డ్యూనో, ఈఎస్‌పీ32 అలాంటివే. ఏ బోర్డు అన్నది చివరన తేలాల్సిన సంగతి. చేయాల్సిన పని, అది జరిగే చోటు, అక్కడి కరెంటు, అక్కడి సిగ్నల్. ఈ నాలుగూ కాగితం మీద పడితే బోర్డు పేరు దానంతటదే బయటికొస్తుంది. మెగాహెర్ట్జులు చూసి కొన్న బోర్డులు సొరుగుల్లో దుమ్ముపట్టి ఉండటం ఎన్నో ఇళ్లలో చూశాను. కింద రాసింది ఒక వరుస ప్రకారం ఉంది, అదే వరుసలో చేయండి.

1. ముందు కాగితం

ఒక తెల్లకాగితం మీద వీటికి జవాబులు రాయండి. తర్వాత దాని వెనకాలే పిన్నుల పట్టిక గీస్తాం కాబట్టి ఫోన్‌లో వద్దు.

☐ ఏమేం కొలవాలి? ఎన్ని సెన్సార్లు? వాటిలో అనలాగ్, అంటే ఉందా లేదా అని కాక ఎంతుందో వోల్టేజీలో చెప్పేవి, ఎన్ని?
☐ ఏమేం నడపాలి? ఎల్ఈడీనా, రిలేనా (బోర్డు చెప్తే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్), సర్వోనా (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటరు), మోటరా?
☐ కొలిచింది ఎక్కడ చూడాలి? అక్కడే డిస్‌ప్లే మీదనా, ఫోన్‌లోనా?
☐ కరెంటు ఎక్కడి నుంచి? ఇంటి ప్లగ్గా, బ్యాటరీయా, సోలారా?
☐ పెట్టే చోటు ఏది? నీడా, ఎండా, తడా? అక్కడ వైఫై, ఫోన్ సిగ్నల్ ఉన్నాయా?
☐ ఎంతసేపు మేల్కొని ఉండాలి? ఎప్పుడూనా, గంటకోసారా?

ఒక బత్తాయి తోట తమ్ముడు నింపిన కాగితం ఇట్ల ఉంది: నేల తడి సెన్సార్లు నాలుగు, అన్నీ అనలాగ్. డ్రిప్ వాల్వుకు ఒక రిలే. మోటరుకు రెండు రిలేలు. తోటలో వైఫై లేదు, ఫోన్ సిగ్నల్ రెండు గీతలు. స్టార్టర్ డబ్బాలో త్రీఫేజ్ ఉంది. రేకు డబ్బా, పొద్దంతా ఎండ.

అతను వచ్చింది నోడ్‌ఎంసీయూ కొనాలని, అగ్గువకు వస్తుందని దోస్తు చెప్పాడట. నోడ్‌ఎంసీయూలో ఉండే ఈఎస్‌పీ8266 చిప్‌కు అనలాగ్ ఇన్‌పుట్ ఒక్కటే. నాలుగు సెన్సార్లు దానికి ఎక్కవు. కాగితం ముందుంటే ఈ సంగతి రెండు నిమిషాల్లో తేలింది. లేకపోతే కొని, తెచ్చి, సోల్డరింగ్ చేశాక తేలేది.

2. పేర్ల గందరగోళం తీర్చుకోండి

రాస్ప్‌బెర్రీ పై వేరు, రాస్ప్‌బెర్రీ పై పికో వేరు. మొదటిది చిన్న కంప్యూటర్. మెమరీ కార్డు, ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, స్విచ్ వేశాక లేవడానికి కొంతసేపు పడుతుంది. చెప్పకుండా కరెంటు పోతే కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. పికో మైక్రోకంట్రోలర్ బోర్డు. కరెంటు రాగానే మీరు రాసిన ప్రోగ్రామ్ మొదలవుతుంది. కెమెరాతో మనుషులను గుర్తుపట్టే పని లాంటిదైతే పై కావాలి. ట్యాంకు నిండగానే మోటరు ఆపడానికి అది అక్కర్లేదు.

ఇంకొకటి. ఈఎస్‌పీ32 అనేది ఒక కుటుంబం పేరు. పాత ఈఎస్‌పీ32, ఎస్3, సీ3 అని రకాలున్నాయి, వాటి పిన్నులు ఒకటి కావు. దుకాణంలో "ఈఎస్‌పీ32 ఇవ్వండి" అంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం. రకం పేరు, పిన్నుల సంఖ్య రెండూ కలిపి అడగండి: "30 పిన్నుల ఈఎస్‌పీ32 డెవ్‌కిట్".

3. 5 వోల్టులా, 3.3 వోల్టులా

బోర్డులు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే నెమ్మదిగా చదవండి.

ఆర్డ్యూనో ఊనో, నానో, మెగా 5 వోల్టుల బోర్డులు. ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32, పికో 3.3 వోల్టులవి. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకుంటున్నాయి కదా అని వాటి పిన్నులకు 5 వోల్టులు ఇవ్వకూడదు. బోర్డు మీదున్న రెగ్యులేటర్ ఆ 5ను 3.3కు దించి చిప్‌కు ఇస్తుంది. పిన్నులకు అలాంటి కాపు లేదు.

నీళ్ల ట్యాంకు ప్రాజెక్టుల్లో అందరూ వాడే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సారునే తీసుకోండి. దానికి 5 వోల్టులు ఇస్తే ఎకో పిన్ నుంచి వచ్చేది కూడా 5 వోల్టులే. ఊనోకైతే నేరుగా కలపొచ్చు. ఈఎస్‌పీ32కు రెండు రెసిస్టర్లు మధ్యలో పెట్టాలి:

1. ఎకో పిన్ నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్, దాని రెండో కొస బోర్డు పిన్‌కు.
2. అదే బోర్డు పిన్ నుంచి 2 కిలోఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కు.
3. ఇప్పుడు పిన్ దగ్గర పడేది 5లో మూడింట రెండొంతులు, అంటే 3.3 వోల్టులు.

2 కిలోఓమ్ దొరక్కపోతే రెండు 1 కిలోఓమ్‌లు వరుసగా కలపండి. కలిపాక, బోర్డుకు తగిలించకముందే మల్టీమీటర్‌తో ఒకసారి కొలవండి: ఎకో వైపు నుంచి 5 వోల్టులు ఇచ్చి, మధ్య బిందువు దగ్గర 3.3 దరిదాపుల్లో వస్తుందా చూడండి. రెసిస్టర్లు తారుమారైతే మధ్యలో 1.7 వోల్టులే కనిపిస్తుంది.

రిలే మాడ్యూళ్లలో గొడవ ఇంకో రకంగా వస్తుంది. మనకు దొరికే నీలం రిలే మాడ్యూళ్లు చాలావరకు 5 వోల్టులవి, పిన్ కిందికి, అంటే 0 వోల్టులకు, దిగితే ఆన్ అయ్యేవి. 3.3 వోల్టుల బోర్డు పిన్‌ను పైకి లేపినా మాడ్యూల్‌కు ఇంకా 1.7 వోల్టుల తేడా కనిపిస్తుంది. దాంతో కొన్ని మాడ్యూళ్లలో లైటు మసకగా వెలుగుతూనే ఉంటుంది, రిలే ఆగదు. ప్రోగ్రామ్ తప్పేమోనని రోజంతా వెతుకుతారు. మాడ్యూల్ మీద జేడీ-వీసీసీ జంపర్ ఉంటే దాన్ని పీకి, జేడీ-వీసీసీకి 5 వోల్టులు, వీసీసీకి 3.3 వోల్టులు ఇవ్వండి. జంపర్ లేకపోతే బీసీ547 ట్రాన్సిస్టర్, 1 కిలోఓమ్ రెసిస్టర్‌తో నడపండి, లేదా 3.3 వోల్టుల ట్రిగ్గర్ అని రాసున్న మాడ్యూల్ కొనండి.

మీ సెన్సార్లన్నీ 5 వోల్టులవే అయి, వైఫై అవసరం లేకపోతే ఆలోచించే పనిలేదు. ఊనో లేదా నానో తీసుకోండి.

4. పిన్నులు లెక్కపెట్టండి

కాగితం తిప్పి నాలుగు గడులు గీయండి: పరికరం, పిన్ రకం, వోల్టేజీ, బోర్డు పిన్ నంబరు. ఒక్కో పరికరానికి ఒక్కో వరుస. బోర్డు పెట్టె మీద రాసిన పిన్నుల సంఖ్యను నమ్మకండి, అన్నీ మన చేతికి రావు.

- ఊనో: డిజిటల్ 14, అనలాగ్ 6. డిజిటల్‌లో 0, 1 పిన్నులు యూఎస్‌బీతో మాట్లాడటానికి పోతాయి. నానోలో చిప్ అదే, అనలాగ్ ఇన్‌పుట్‌లు 8.
- మెగా 2560: డిజిటల్ 54, అనలాగ్ 16.
- పికో: వాడుకునే పిన్నులు 26, అందులో అనలాగ్ 3.
- ఈఎస్‌పీ8266: అనలాగ్ 1. డీ3, డీ4, డీ8 పిన్నులు బోర్డు లేచే సమయంలో ఏ స్థితిలో ఉన్నాయో చిప్ చూసుకుంటుంది, వాటికి రిలే తగిలిస్తే బోర్డు లేవకపోవచ్చు. డీ1, డీ2, డీ5, డీ6 నిశ్చింతగా వాడుకోవచ్చు.

పాత ఈఎస్‌పీ32 గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది చివరకు దాన్నే కొంటారు.

6 నుంచి 11 వరకు పిన్నులు లోపలి ఫ్లాష్ మెమరీకి కట్టేసి ఉంటాయి, ముట్టుకోవద్దు. 34, 35, 36, 39 ఇన్‌పుట్‌కే పనికొస్తాయి. వాటితో రిలే నడపలేం, లోపలి పుల్-అప్ (ఏమీ కలపనప్పుడు పిన్‌ను పైన నిలిపే రెసిస్టర్) కూడా ఉండదు. 0, 2, 5, 12, 15 బోర్డు లేచేటప్పుడు చిప్ చూసే పిన్నులు. ముఖ్యంగా 12వ పిన్‌ను లేచే సమయంలో పైకి లాగితే బోర్డు అసలు లేవదు.

అనలాగ్ పిన్నులు రెండు గుంపులు. రెండో గుంపు, అంటే 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 వరకున్నవి, వైఫై నడుస్తుండగా అనలాగ్ రీడింగ్ ఇవ్వవు. వైఫై ప్రాజెక్టులో అనలాగ్ సెన్సార్లకు 32, 33, 34, 35, 36, 39 ఈ ఆరే లెక్క. రిలేలకు 25, 26, 27 పెట్టుకోండి.

పై బత్తాయి తోట లెక్క ఇట్ల కుదిరింది: తడి సెన్సార్లు 32, 33, 34, 35. రిలేలు 25, 26, 27. నాలుగూ మూడూ ఏడు, అన్నీ పట్టాయి.

మెమరీ కూడా ఇక్కడే చూసుకోండి. ఊనో, నానోలలో ర్యామ్ 2 కిలోబైట్లే. చిన్న 128×64 ఓఎల్ఈడీ తెర పెడితే దాని బొమ్మ ఒక్కటే 1,024 బైట్లు తింటుంది, అంటే సగం పాయె. తెర, ఎస్‌డీ కార్డు రెండూ కావాలంటే నానో జోలికి పోవద్దు.

5. సిగ్నల్ ఎంత దూరం, దేని మీద

ఇంట్లో, వైఫై ఉన్న చోట: ఈఎస్‌పీ32, ఈఎస్‌పీ8266, పికో డబ్ల్యూ మూడూ సరిపోతాయి. ఈ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు, 2.4 పేరు వేరుగా ఉంటే 2.4దే ఇవ్వండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో పరీక్షించేవాళ్లు సెట్టింగుల్లో బ్యాండ్ 2.4కు మార్చుకోవాలి. "పాస్‌వర్డ్ కరెక్టే అన్నా, అయినా కలుస్తలేదు" అన్నవాళ్లలో సగం మందిది ఇదే సమస్య.

బాయికాడ, వైఫై లేకుండా: ఇక్కడ రెండు దారులు.

మొదటిది సిమ్ కార్డు. అగ్గువగా దొరికే సిమ్800ఎల్ మాడ్యూల్ 2జీది. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి ఆ సిమ్ వేస్తే మాడ్యూల్ పలకదు. వేరే కంపెనీ సిమ్ వేసి, అదే చోట ఫోన్‌లో నెట్‌వర్క్‌ను 2జీకి కట్టేసి సిగ్నల్ వస్తుందో లేదో ముందు చూడండి, తర్వాతే మాడ్యూల్ కొనండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 4జీ మాడ్యూల్‌కే పోవడం మంచిది. సిమ్800ఎల్‌కు కావాల్సింది 3.4 నుంచి 4.4 వోల్టులు, సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బోర్డు పిన్ నుంచి దానికి కరెంటు ఇస్తే ఎప్పటికీ కుదరదు.

రెండోది లోరా, అంటే తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో. ఇంటి నుంచి తోట కనుచూపు మేరలో ఉంటే దీన్ని మించింది లేదు, నెలనెలా రీఛార్జి ఉండదు. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునే లోరా బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. కాబట్టి 868 అని రాసున్న మాడ్యూల్ కొని, ప్రోగ్రామ్‌లో 866 పెట్టండి. 433, 915 మాడ్యూళ్లు తక్కువకు వచ్చినా వద్దు. యాంటెనా బిగించకుండా కరెంటు ఇవ్వకండి, పంపే భాగం దెబ్బతింటుంది.

6. కరెంటు: మన దగ్గర అసలు పరీక్ష ఇదే

టేబుల్ మీద బాగా నడిచి, పెట్టాల్సిన చోట పెట్టాక మొరాయించే బోర్డుల్లో చాలావాటికి రోగం కరెంటుదే.

నేను మొదటిసారి ఈఎస్‌పీ32ను స్టార్టర్ డబ్బా పక్కన పెట్టినప్పుడు ఇంట్లో వారం రోజులు నడిపి చూసే తీసుకుపోయాను. పొలంలో మోటరు ఆన్ చేయమని ఫోన్ నుంచి చెప్పగానే రిలే టక్కుమంది, మోటరు గుర్రుమంది, బోర్డు మీది నీలం లైటు ఆరి మళ్లీ వెలిగింది. ల్యాప్‌టాప్ తగిలించి సీరియల్ మానిటర్ (బోర్డు పంపే మాటలు చూపే కిటికీ) తెరిస్తే ఒకే లైను: "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్". అంటే వోల్టేజీ కుంగి బోర్డు ఆగి మళ్లీ లేచిందని. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ అదే లైను. మోటరు లేచే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. లైను చివరన ఉన్న పొలంలో ఆ క్షణం వోల్టేజీ కుంగుతుంది, నేను పెట్టిన పాత ఫోన్ ఛార్జర్ దాన్ని తట్టుకోలేకపోయింది. ఇంకా ముఖ్యమైన సంగతి, తిరిగి లేచిన బోర్డు మోటరు ఆఫ్‌లో ఉందనుకుంది. అది మాత్రం నడుస్తూనే ఉంది.

సరిచేసిన వరుస ఇది:

1. 5 వోల్టులు, 2 ఆంపియర్ల మంచి అడాప్టర్.
2. బోర్డు 5 వోల్టుల పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్. చార గుర్తున్న కాలు గ్రౌండ్‌కు.
3. రిలేలకు 5 వోల్టులు అడాప్టర్ నుంచి నేరుగా, బోర్డు మీదుగా కాకుండా. గ్రౌండ్ మాత్రం అన్నింటికీ ఒకటే.
4. మోటరు నడుస్తుందో లేదో బోర్డు తన జ్ఞాపకం నుంచి చెప్పకుండా, కాంటాక్టర్ (మోటరు కరెంటును కలిపే పెద్ద స్విచ్) ఆక్సిలరీ కాంటాక్ట్ నుంచి, అంటే దానితోపాటే కదిలే చిన్న కాంటాక్ట్ నుంచి చదివి చెప్పేలా ప్రోగ్రామ్ మార్చాను.

12 వోల్టుల అడాప్టర్ లేదా బ్యాటరీ ఉంటే దాన్ని నేరుగా ఊనో జాక్‌లో పెట్టకండి. ఊనో 7 నుంచి 12 వోల్టులు తీసుకోగలదు, నిజమే. కానీ మిగతా 7 వోల్టులను రెగ్యులేటర్ వేడిగా మార్చి పారేస్తుంది. 100 మిల్లీయాంపులు లాగితే 0.7 వాట్ వేడి, అదీ వేసవిలో రేకు డబ్బాలో. ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ పెట్టి 5 వోల్టులకు దించండి. దుకాణం నుంచి తెచ్చిన కన్వర్టర్ ఎన్ని వోల్టులకు తిప్పి ఉందో తెలియదు కాబట్టి, బోర్డు తగిలించకుండా మల్టీమీటర్ పెట్టి, స్క్రూ తిప్పుతూ 5కు తెచ్చాకే కలపండి.

బ్యాటరీ పెట్టేవాళ్లు ఒక్క భాగాహారం చేయాలి. 2000 మిల్లీయాంప్-అవర్ సెల్, వైఫైతో ఎప్పుడూ మేల్కొని సుమారు 80 మిల్లీయాంపులు తినే బోర్డు: 2000ను 80తో భాగిస్తే 25 గంటలు. ఒక్క రోజు. డీప్ స్లీప్‌లో ఈఎస్‌పీ32 చిప్ 10 మైక్రోయాంపులే తింటుందని చదివి ఏళ్లకు ఏళ్లు వస్తుందనుకోవద్దు. మామూలు డెవ్‌కిట్ మీది రెగ్యులేటర్, పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ నిద్రపోవు. అవి కలిసి 8 మిల్లీయాంపులు తిన్నా 250 గంటలు, పది రోజులు. పైగా మామూలు డెవ్‌కిట్‌లోని ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కు ఇచ్చేది, వచ్చేదానికంటే సుమారు ఒక వోల్టు ఎక్కువ ఉండాలి. 3.7 వోల్టుల సెల్ నుంచి అది నికరంగా 3.3 ఇవ్వలేదు. బ్యాటరీ పని అయితే బ్యాటరీ కనెక్టర్, ఛార్జింగ్ చిప్ ఉన్న బోర్డునే వెతికి కొనండి.

ఎండ సంగతి. నల్లగొండలో మే నెలలో గాలే 44, 45 డిగ్రీలకు పోతుంది, రేకు డబ్బా లోపల ఇంకా ఎక్కువ. ఈఎస్‌పీ32 మాడ్యూల్ 85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. లిథియం-అయాన్ సెల్‌ను మాత్రం 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. అంటే సోలార్ బాగా వచ్చే మధ్యాహ్నమే సెల్‌కు ఛార్జింగ్ తగని వేళ. సెల్‌ను డబ్బాలో కాకుండా నీడన, గోడ వెనక, గాలి తగిలేచోట పెట్టండి. తెల్లరంగు ప్లాస్టిక్ డబ్బా రేకు డబ్బా కంటే నయం. వైర్లు వచ్చే రంధ్రాలను మూసేయండి, చీమలు రిలేల చుట్టూ చేరితే బాగుచేయడం కష్టం.

7. ఇప్పుడు బోర్డు పేరు

మీ కాగితం చూసుకుంటూ చదవండి.

నేర్చుకోవడం మొదలుపెడుతున్నారు, బడి ప్రాజెక్టు, వైఫై వద్దు: ఊనో. తప్పు తీగ తగిలినా ఓర్చుకునే గుణం దీనికి ఎక్కువ. పిన్‌కు 20 మిల్లీయాంపులు దాటకుండా చూసుకోండి, ఎల్ఈడీకి 220 ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి.

అదే పని చిన్న డబ్బాలో శాశ్వతంగా పెట్టాలి: నానో.

ఫోన్‌లో చూడాలి, ఒకటి కంటే ఎక్కువ అనలాగ్ సెన్సార్లు: ఈఎస్‌పీ32 డెవ్‌కిట్, 30 పిన్నులది. నా దగ్గరికొచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువ దీని మీదే తేలతాయి.

వైఫై మీద ఒక రిలే, ఒక సెన్సారు, అంతే: నోడ్‌ఎంసీయూ చాలు.

పైథాన్ నేర్పాలి: పికో, వైఫై కావాలంటే పికో డబ్ల్యూ. మామూలు పికోకు పిన్నులు సోల్డర్ చేసి ఉండవు. సోల్డరింగ్ చేతకాకపోతే పిన్నులు బిగించి వచ్చే పికో హెచ్ అడగండి.

తీగలు లెక్కకు మించి ఉన్నాయి: మెగా.

బ్లూపిల్ అనే ఎస్‌టీఎం32 బోర్డు తక్కువ ధరకు మంచి వేగం ఇస్తుంది, కానీ నకిలీ చిప్‌లు చాలా తిరుగుతున్నాయి, ప్రోగ్రామ్ ఎక్కించడానికి విడిగా పరికరం కావాలి. మొదటి బోర్డుగా నేను దాన్ని చెప్పను. ఈఎస్‌పీ32-క్యామ్ కూడా అంతే, చాలావాటి మీద యూఎస్‌బీ ఉండదు.

రెండు బోర్డుల మధ్య ఊగుతుంటే, ఎక్కువమంది వాడే బోర్డే తీసుకోండి. రాత్రి పదింటికి ఏదైనా ఆగిపోతే, అదే సమస్య వచ్చి బయటపడ్డవాళ్లు దానికే దొరుకుతారు.

8. బోరు మోటరు కలిపేవాళ్లకు మాత్రం

నీలం రిలే మీద "10ఏ 250వీఏసీ" అని ఉంటుంది. మోటరు కరెంటు దాని గుండా పోకూడదు, ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఇంకొకటి ఉంది: పొలాల్లోని త్రీఫేజ్ స్టార్టర్లలో చాలావాటి కాయిల్ 415 వోల్టులది. అంటే స్టార్టు, స్టాపు బటన్ల తీగల్లో కూడా ఆ నీలం రిలే మోయదగిన దానికంటే ఎక్కువ వోల్టేజీ తిరుగుతుంది.

బోర్డు రిలేతో 230 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టర్‌ను నడపండి, దాని కాంటాక్టులను స్టార్టర్‌కు కలపండి. స్టార్టుకు ఒకటి, బటన్‌కు సమాంతరంగా, రెండు సెకన్లు మూసి తెరిచేలా. స్టాపుకు ఇంకొకటి, బటన్‌కు వరుసగా, మామూలుగా మూసి ఉండేలా. ఓవర్‌లోడ్ రిలేను, ఫేజు పోతే ఆపే పరికరాన్ని తీసేయొద్దు. ఈ తీగలు ఎలక్ట్రీషియన్‌తోనే కట్టించండి. ఫ్యూజులు పీకి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూశాకే డబ్బాలో చెయ్యి పెట్టాలి.

తెలంగాణలో పొలాలకు 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైనప్పుడు, కరెంటు రాగానే మోటరును వాటంతట అవే వేసే ఆటో స్టార్టర్లు తీసేయమని చెప్పారు, గుర్తుచేసుకోండి. మీరు చేసే పరికరం కూడా కరెంటు రాగానే తనంతట తాను మోటరు వేయకూడదు. బోర్డు లేచిన ప్రతిసారీ రిలే ఆఫ్‌లోనే ఉందా అని ప్లగ్గు పదిసార్లు పీకి పెట్టి చూడండి.

9. కొనడం

హైదరాబాద్ పోయే పని ఉంటే ఎంజీబీఎస్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి పొండి. చేతితో చూసి కొనొచ్చు, ఒక్క రెసిస్టర్ కూడా విడిగా ఇస్తారు. ఆన్‌లైన్‌లో రకాలు ఎక్కువ, కానీ ఒక చిన్న సెన్సారు మరిచిపోతే మళ్లీ ఆర్డరు, మళ్లీ ఎదురుచూపు.

అసలు ఆర్డ్యూనో ధర క్లోన్ (వేరేవాళ్లు చేసిన నకలు) ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. నేర్చుకోవడానికి క్లోన్ చాలు. మిగిలిన డబ్బుతో మల్టీమీటర్ కొనండి. అది లేకుండా బోర్డు కొనడం నాకు ఇష్టం ఉండదు.

☐ బోర్డులు రెండు, ఒకే రకం. బోర్డు పాడైందో ప్రోగ్రామ్ పాడైందో తేలేది రెండోదాంతోనే.
☐ డేటా తీగలున్న యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్ కేబుల్ పనికిరాదు.
☐ బ్రెడ్‌బోర్డులు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలకలు) రెండు. ఈఎస్‌పీ32 వెడల్పుగా ఉండి ఒక వైపు రంధ్రాలను కప్పేస్తుంది, రెండింటి మధ్య ఆనించి పెట్టాలి.
☐ జంపర్ వైర్లు, 220 ఓమ్, 1 కిలోఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లు.
☐ నేల తడికి కెపాసిటివ్ సెన్సారు. రెండు పుల్లల రెసిస్టివ్ రకం తడిలో తుప్పు పట్టిపోతుంది.
☐ ట్యాంకుకు నీరు తగిలినా ఓర్చే అల్ట్రాసోనిక్ సెన్సారు. దానికి సుమారు 25 సెంటీమీటర్ల లోపు దూరం కనిపించదు, నిండు మట్టం కంటే అంత ఎత్తున బిగించాలి.

10. వచ్చిన రోజే చేయాల్సిన పరీక్ష

వాపసు గడువు ఉండగానే చేయండి. పెట్టె విప్పి అలమారలో పెట్టిన బోర్డు నెల తర్వాత పాడని తేలితే ఎవరూ తీసుకోరు.

1. భూతద్దంతోనో ఫోన్ కెమెరాతోనో సోల్డరింగ్ చూడండి. పిన్నుల మధ్య అంటుకుపోయిన బొట్లు ఉన్నాయా?
2. ఏ తీగా లేకుండా యూఎస్‌బీ మాత్రమే పెట్టండి. చిప్ మీద వేలు పెడితే కాలుతుంటే వెంటనే పీకేయండి.
3. 3.3 లేదా 5 వోల్టుల పిన్ దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి.
4. కంప్యూటర్‌లో పోర్టు కనిపిస్తుందా? లేకపోతే ముందు కేబుల్ మార్చండి, తర్వాత సీహెచ్340 లేదా సీపీ2102 డ్రైవర్ వేయండి.
5. ఎల్ఈడీని వెలిగించి ఆర్పే బ్లింక్ ప్రోగ్రామ్ ఎక్కించండి.
6. వైఫై బోర్డైతే నెట్‌వర్క్‌లను వెతికే ఉదాహరణ ప్రోగ్రామ్ నడపండి. మీ ఇంటి వైఫై పేరు కనిపించాలి.
7. పట్టికలో రాసుకున్న పిన్నులను ఒక్కొక్కటిగా ఎల్ఈడీతో వెలిగించి చూడండి. ఇన్‌పుట్ పిన్నులను 3.3కు, గ్రౌండ్‌కు మార్చి కలిపి రీడింగ్ చూడండి.

ఆ తర్వాతే సెన్సార్లు, అదీ ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి కలిపి ఆన్ చేస్తే తప్పు ఎక్కడుందో తేలదు.

11. ఆగిపోయినప్పుడు

*"కనెక్టింగ్" అని చుక్కలు పెడుతూ ఆగిపోతుంది.* ఈఎస్‌పీ32 మీద బూట్ బటన్ నొక్కిపట్టండి, ఎక్కించడం మొదలవగానే వదలండి. ప్రతిసారీ ఇదే అయితే ఈఎన్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

*నానో క్లోన్‌కు ప్రోగ్రామ్ ఎక్కదు.* ఆర్డ్యూనో ఐడీఈలో (ప్రోగ్రామ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకోండి.

*ఉబుంటులో సీహెచ్340 పోర్టు కనిపించి మాయమవుతుంది.* బీఆర్ఎల్‌టీటీ అనే ప్యాకేజీ ఆ పోర్టును పట్టుకుంటుంది. అది చూపులేనివారికి బ్రెయిలీ తెర కోసం ఉన్నది, మీ ఇంట్లో దాని అవసరం లేకపోతే తీసేయండి. మీ యూజర్‌ను డయలౌట్ గుంపులో చేర్చారా అన్నది కూడా చూడండి.

*వీడియోలో చూసి రాసిన ప్రోగ్రామ్‌లో "లెడ్‌సీ సెటప్" (ledcSetup) దగ్గర తప్పు చూపిస్తుంది.* ఈఎస్‌పీ32 బోర్డు ప్యాకేజీ 3వ వెర్షన్‌లో ఆ ఫంక్షన్ తీసేశారు. "లెడ్‌సీ అటాచ్" (ledcAttach) వాడండి, లేదా బోర్డ్స్ మేనేజర్‌లో 2వ వెర్షన్‌కు దిగండి.

*సర్వో కదలగానే బోర్డు రీసెట్ అవుతుంది.* సర్వోకు వేరే 5 వోల్టులు ఇచ్చి, గ్రౌండ్ కలపండి.

*అనలాగ్ రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది.* ఇరవై సార్లు చదివి సగటు తీయండి. ఈఎస్‌పీ32లో 0 దగ్గర, 3.1 వోల్టుల పైన రీడింగ్ సరిగా రాదు. ఖచ్చితత్వం కావాలంటే అనలాగ్ చదవడానికే ఉన్న ఏడీఎస్1115 మాడ్యూల్ కలపండి.

*మోటరు ఆగిన క్షణంలో బోర్డు వేలాడిపోతుంది.* కాంటాక్టర్ కాయిల్ నుంచి వచ్చే దెబ్బ అది. కాయిల్ రేటింగ్‌కు సరిపడే, ఆ దెబ్బను మింగే ఆర్‌సీ స్నబ్బర్‌ను ఎలక్ట్రీషియన్‌తో కాయిల్ కొసలకు పెట్టించండి, బోర్డు తీగలను మోటరు తీగల పక్కన కట్టకండి, ప్రోగ్రామ్‌లో వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ వేలాడితే బోర్డును రీసెట్ చేసేది) ఆన్ చేయండి.

పని అయిపోయాక పిన్నుల పట్టికను శుభ్రంగా తిరగరాసి, డబ్బా మూత లోపల టేపుతో అంటించండి. కొన్న రెండో బోర్డులో అదే ప్రోగ్రామ్ ఎక్కించి, మీద తేదీ రాసి, ఇంట్లో ఉంచండి. మీరు ఊళ్లో లేని రోజు బోర్డు పాడైతే, ఇంట్లోవాళ్లు మెయిన్ ఆపి, మూత మీది పట్టిక చూసి బోర్డు మార్చుకోగలగాలి. మార్చడం ఎట్లనో వాళ్ల చేత ఒకసారి చేయించి చూడండి.